బార లెక్క

కిలోమీటరు లోపే అనీసి కాయితంలో రాసినారు.
జాలరిపేట బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు
తీసుకెళ్లి చినవాల్తేరు పెద్ద బడిలో కలిపీసినారు,
పచ్చి సేపనీ ఉప్పు సేపనీ ఒకే గంపలో ఏసినట్టు.

కిలోమీటరంటే ఎంతో నాకు తెల్దు.
సముద్రం లోతు తెలుసు. అది బారల్లో ఉంటాది.
సత్యవేణి టీచరు లెక్క గట్టి సెప్పినాది:
ఐదొందల నలభై ఐదు బారలు, అటూ ఇటూగా.
అయితే కొలుద్దాం అన్నాను.

మా ఆయన్ని లంగరు తాడు అడిగితే
రేత్రికి ఏటకెళ్లాల, పొద్దుగూకే లోపు ఇచ్చీయమన్నాడు.
నలభై బారల తాడు.
ఎర్రమ్మ ఒక కొస, నానొక కొస.
బడి గుమ్మం కాడ మొదలెట్టి
పరిసి, లాగి, మళ్లీ పరిసి
సేపలారబెట్టిన తడకలు దాటి,
ఆమజ్జ విదేశాల పెద్దోళ్లు మీటింగుకొస్తే
మా ఇళ్లు కనపడకుండా కట్టిన పచ్చ గుడ్డ
సిరిగి ఇంకా ఏలాడతన్న గోడ దాటి
(ఆ గుడ్డ డబ్బులు బడికిస్తే కుళాయిలో నీళ్లొచ్చీవి.
అది వేరే లెక్క)
బీచ్ రోడ్డు కాడికొచ్చేసరికి నూట తొంబై.

అక్కడ తాడు ఆగిపోనాది.
కార్లు ఆగవు గదా.
ఎర్రమ్మ అవతలకి పరిగెట్టే లోపు
తాడు మీంచి రెండు టూరిస్టు బస్సులు పోనాయి.
రోడ్డుకి ఇటొక ఎర్ర పేలిక, అటొక ఎర్ర పేలిక
తాడుకి ముడేసినాం.
రెండు ముళ్ల మజ్జ పదకొండు బారలు.
మా సిన్నదానికి ఎనిమిదేళ్లు.

పెద్ద బడి గేటు ముట్టుకునే సరికి ఎనిమిదొందల పదమూడు.

సోమారం కలెక్టరాఫీసులో అర్జీల రోజు.
టీచరు లెక్క కాయితమ్మీద రాసిచ్చినాది, సంతకం పెట్టనేదు,
ఆయమ్మకి ఉజ్జోగం ఉంది.
ఆఫీసరు బాబు మంచోడే, కుర్సీలేయించినాడు.
కంప్యూటరు మాకేసి తిప్పి సూపించినాడు:
గీత తిన్నగా ఉంది,
మేడల మీంచి కాకి ఎగిరినట్టు.
"ఎవరి బారమ్మా ఇది, మగోళ్లదా ఆడోళ్లదా?"
నవ్వుతానే అడిగినాడు.
ఎర్రమ్మ లేచి రెండు సేతులూ సాపినాది.
ఇటు బీరువా, అటు నీళ్ల కేను.
"నాదే బాబూ. కొలుసుకోండి."
ఎవులూ కొలవనేదు.

ఎలచ్చన్ల ముందు ఒకాయన వొచ్చి
తాళాలేసిన గదుల ముందు ఫొటో దిగినాడు.
మేమొస్తే తెరిపిస్తాం అన్నాడు.
వొచ్చినారు. తెరిపించినారు.
బోర్డు కొత్తది, గోడ రంగు కొత్తది.
దాని కింద పాతోళ్ల రంగు, దాని కింద అంతకు ముందోళ్ల రంగు.
గోరెట్టి గోకితే నా సిన్నప్పటి సున్నం.
టీచరే నేదు. పోస్టు రావాలంట,
పిల్లలు తక్కువున్నారంట.
తక్కువ సేసిందెవులని అడిగితే
ఆళ్లు ఈళ్లనీ, ఈళ్లు ఆళ్లనీ సూపించినారు.
టీవీలో అరగంట కొట్టుకున్నారు,
ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా అని.
అప్పటికింకా నా గుంట ఇల్లు సేరనేదు,
రోడ్డుకి అవతలే నిలబడుంది,
ఏ మీడియంలో దాటాలో తెలీక.

ఎర్రమ్మ మనవణ్ణి ప్రైవేటు బడిలో ఏసీసినాది.
వేను కిరాయికి సెవి కమ్మలు పోనాయి.
నా కాడికొచ్చి సెప్పలేక
సేపల రేటు అడిగి ఎళ్లిపోనాది.
నానేటీ అననేదు.

తాడు కొలిసిన సాయంత్రమే పడవెక్కీసినాది.
పేలికలు ఇప్పీయమన్నాను, మా ఆయన ఇప్పనేదు.
సీకట్లో లంగరు దించుతుంటే
తాడు అరిసేతిలోంచి జారతాదంట,
ఒక ముడి తగులుతాదంట.
అక్కణ్ణించి నెమ్మదిగా వొదులుతాడంట,
ఊపిరి బిగబట్టి,
పదకొండు బారలు,
రెండో ముడి సేతికి తగిలేదాకా.